ట్యూబు మీద రెండు గాట్లు

కలకత్తా రేవులో క్రేను గొలుసు కింద కుడిచేతి వేళ్ళు నాలుగూ నలిగిపోయాక, సూరన్న గార్డెన్ రీచ్ రోడ్డు పక్కన టైర్ల కొట్టు పెట్టాడు. వేళ్ళు లేనివాడు టైరెలా విప్పుతాడని తోటివాళ్ళు నవ్వారు. అతను నోటితో చెప్పేవాడు, భార్య సన్యాసమ్మ చేతులతో చేసేది. ఎనిమిదేళ్ళు అలా నడిచింది. సూరన్న పోయినా ఆమె కొట్టు మూయలేదు. ఆ మరుసటేడు, తొంభై ఆరులో, ఘోషాల్ బాబు అనే ఆయన ఆ కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు.

ఆయన బెహాలా వైపు ఒక క్లబ్బు నడిపేవాడు. చలికాలంలో మట్టి మైదానంలో మోటారు సైకిళ్ళ పందేలు పెట్టేవారు. ఆ బళ్ళకు గుబ్బల టైర్లు, మహా మొండివి. ఎక్కడ ఇచ్చినా ఇనప లివర్లతో పొడిచి, లోపలి ట్యూబు చీల్చి పంపుతున్నారని ఆయన బాధ. సన్యాసమ్మ చక్రాన్ని గోనెపట్టా మీద పడుకోబెట్టి, గాలంతా తీసేసి, మోకాళ్ళతో టైరు అంచును రిమ్ము నడుమనున్న పల్లంలోకి నొక్కింది. అక్కడ దిగితే ఎదుటి వైపు వదులవుతుంది. సబ్బునీళ్ళు రాసి, లివరును లోతుకు పోనివ్వకుండా కొద్దికొద్దిగా అంచు లేపింది. ఎక్కించేటప్పుడు ట్యూబుకు పౌడరు పూసి, మడత పడకుండా కాస్త గాలి కొట్టింది. ఆఖరి జానెడు దగ్గర లివరు పక్కన పడేసి, ఉత్త అరచేతులతో తోసింది. ట్యూబు నలిగేదంతా ఆ ఆఖరి జానెడులోనే.

ఘోషాల్ బాబు అంతా నిలబడి చూశాడు. ఆ రోజు నుంచి క్లబ్బు చక్రాలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. కానీ మైదానంలోకి ఆడమనిషి వస్తే బాగుండదన్నాడు. అందుకని బిగించిన చక్రాలు మోసుకెళ్ళేది మరిది పెద్దిరాజు. అతనికి గ్యారేజీ యూనియన్ కార్డు ఉంది, పని మాత్రం ఎక్కడా నిలవలేదు. మైదానంలో అందరూ మెకానిక్కు అతనే అనుకుని మిస్త్రీ అని పిలిచేవారు. కాదని అతనెప్పుడూ చెప్పలేదు. సన్యాసమ్మకు ఆ సంగతి తెలుసు, ఇంటి మనిషే కదా అని ఊరుకుంది.

డిసెంబరులో పెద్ద పందెం. ముందురోజు సాయంత్రమే ఆమె చక్రాలు సిద్ధం చేసింది. పందెం నాడు పొద్దున్నే వాన పడింది. ఆమె కిరసనాయిలు క్యూలో నిలబడి తిరిగొచ్చేసరికి, బిగించి పెట్టిన టైర్లలో ఒకటి ఊడదీసి గోడకు ఆనించి ఉంది. చక్రాలేవీ లేవు. సబ్బునీళ్ళ బేసిను పక్కన పొడుగాటి స్క్రూడ్రైవరు పడి ఉంది. కొట్టు ముందు పీట మీద అత్త అమ్మన్నమ్మ కూర్చుని ఉంది.

"ఎవులు మార్సినారత్తా?"

"పెద్దిరాజేనే. నేల బురదైపోనాది, ఏరే టైరెయ్యమని పక్కకొట్టుకి ఫోనొచ్చినాది. ఆ ఇనుపదాంతో పొడిసి ఎక్కించీసినాడు. బేగే అయిపోనాది."

సన్యాసమ్మ కిరసనాయిలు డబ్బా అక్కడే దించి బస్సెక్కింది. మైదానం గేటు దగ్గర కాపలావాడు టికెట్టు అడిగాడు. దాదా, పొద్దున టైరు మార్చిన బండి ఆపించు, ట్యూబు తెగి ఉంటుందని తనకొచ్చిన బెంగాలీలో బతిమాలింది. అతను నవ్వి, టికెట్టు లేనివాళ్ళంతా ఇలాగే చెబుతారన్నాడు. మైకులో పేర్లు చదివారు. బళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. మూడో చుట్టులో జనం ఒక్కసారి లేచారు.

పడింది ఘోషాల్ బాబు తమ్ముడి కొడుకు. వెనక చక్రంలో గాలి పోయి బండి అడ్డం తిరిగింది. వెనకొచ్చిన బండి అతని మోకాలి మీదుగా పోయింది. ఆ పిల్లాడు మళ్ళీ బండెక్కలేడని ఆసుపత్రిలో చెప్పారు. చక్రం బిగించిందెవరని అడిగితే, మా వదినే అన్నాడు పెద్దిరాజు. అంతకాలమూ మిస్త్రీగా తిరిగినవాడికి ఆ ఒక్కరోజు ఆమె గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున గ్యారేజీ యూనియన్ ఆఫీసులో పంచాయతీ పెట్టారు. ఫుట్‌పాత్ మీద కొట్టు ఉండాలన్నా పోవాలన్నా వాళ్ళ మాటే. పడిన బండి చక్రంలోంచి తీసిన ట్యూబును సన్యాసమ్మ బల్ల మీద పరిచింది. లోపలి వైపు, రిమ్ముకు తగిలేచోట, పక్కపక్కనే రెండు గాట్లు ఉన్నాయి. మేకు గుచ్చితే ఒకటే చిల్లు పడుతుందనీ, ఇనుముకూ రిమ్ముకూ మధ్య నలిగితేనే ఇలా రెండు పడతాయనీ చెప్పింది. కొట్టులో దొరికిన స్క్రూడ్రైవరు తెచ్చి, మొన గాటులో పెట్టి చూపించింది. సరిగ్గా సరిపోయింది. సెక్రటరీ వంగి చూశాడు. ఘోషాల్ బాబు కూడా చూశాడు. పెద్దిరాజు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ పొద్దున కొట్టులో ఎవరున్నారని సెక్రటరీ అడిగాడు. అమ్మన్నమ్మను ముందుకు పిలిచారు. ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని లేచింది.

"నా కోడలే బిగించినాది బాబూ. నానక్కడే కూకున్నాను."

అత్త మాటే సాక్ష్యమైంది. సూరన్న పేరు మీదున్న కొట్టు అనుమతి చీటీ పెద్దిరాజు పేరుకు మారింది. ఇకమీదట సన్యాసమ్మ టైరు ముట్టకూడదన్నారు. ఘోషాల్ బాబు ఆమె పక్కనుంచే వెళ్ళి కారెక్కాడు. గాటును తన కళ్ళతో చూసిన మనిషి ఒక్క మాటా అనలేదు. అత్త అబద్ధం కన్నా అదే ఆమెకు ఎక్కువ కాలం మండింది.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ అడిగింది. ఒక్కసారే అడిగింది.

"ఎందుకత్తా?"

అమ్మన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "నువ్వు ఏ పనైనా సేసుకుని బతికీగలవు. ఆడికేటొచ్చునే? ఉన్నోడు ఆడొక్కడే."

సన్యాసమ్మ రెండు చీరలు, ఒక గిన్నె మూట కట్టుకుని మెటియాబ్రుజ్ చేరింది. ఒక దర్జీ కార్ఖానాలో చొక్కాలకు గుండీలు కుట్టే పనిలో కుదిరింది. టైర్లతో మొద్దుబారిన వేళ్ళకు సూది చిక్కేది కాదు. మొదటి నెలంతా గుడ్డ మీద నెత్తురు మరకలు పడుతున్నాయని మేస్త్రీ తిట్టాడు.

ఏడాది తిరక్కముందే అమ్మన్నమ్మ ఓ మధ్యాహ్నం కార్ఖానాకు వచ్చింది. పెద్దిరాజు చేతిలో ట్యూబులన్నీ చిరిగిపోతున్నాయట. క్లబ్బు వాళ్ళు చక్రాలివ్వడం మానేస్తున్నారట. కోడలి గదికి గుట్టుగా చక్రాలు పంపిస్తాం, బిగించి పెడితే చాలు, ఎవరికీ తెలియనివ్వం అంది.

సన్యాసమ్మ లేచి ఆమెకు గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగేదాకా నిలబడింది.

"నాను సెయ్యనత్తా," అంది.

ముసలామె మాట మారుతుందేమోనని చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. సన్యాసమ్మకు ఆ రోజు సంతోషం కలుగుతుందేమో అనిపించింది. కలగలేదు. సాయంత్రందాకా గుండీలు కుడుతూనే ఉంది, ఆరు చొక్కాలకు తప్పుగా కుట్టి విప్పదీయాల్సి వచ్చింది.

వానాకాలం ముగిసేలోగా పెద్దిరాజు కొట్టు చీటీ ఒక ఫోను బూత్ వాడికిచ్చేసి సంత్రాగాఛి వైపు వెళ్ళిపోయాడు. తల్లిని వెంట తీసుకెళ్ళాడో లేదో సన్యాసమ్మ ఎవరినీ అడగలేదు.