కాంక్రీటు మీద పూత

ఇరవై కిలోల ఇనుప బరువు కొత్తగా వేసిన పరుగుల ట్రాక్ మీద పడిన ప్రతిసారీ మేస్త్రీ గుండె కూడా దానితో పాటే జారుతోంది.

"ముప్పై రెండు," అంది పరీక్ష చేయడానికి వచ్చిన ఇంజనీరమ్మ, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

కనీసం ముప్పై ఐదు రావాలి. కాంక్రీటు మీద పడితే కాలికి తగిలే దెబ్బలో నూటికి అన్ని పాళ్లు ఈ ఎర్ర రబ్బరు మింగేయాలి. మింగకపోతే పరిగెత్తేవాళ్ల మోకాళ్ల పని అయిపోతుంది. ట్రాక్ మొత్తం పెకలించాలి. పోయిన ఏడాది మేస్త్రీ వేసిన ట్రాక్ ఒకటి అలాగే పెకలించారు. ఇదీ పోతే ఇక ఇంట్లో కూర్చోమని కంపెనీ మొహం మీదే చెప్పింది.

"మూడుసార్లు పడేస్తున్నారు, మొదటిది లెక్కలోకి తీసుకోరేంటండీ?" అని అడిగాడు మేస్త్రీ బావమరిది. బావ కిందే పనిచేస్తాడు, చేతులకంటే నోరు ఎక్కువ.

"రబ్బరు సర్దుకోవాలి కదా. రెండూ మూడే లెక్క."

"మా బావా అంతేనండీ. పొద్దున మొదటి మాట తిట్టే. మేం లెక్కలోకి తీసుకోం."

ఇంజనీరమ్మ పెదవి చివర నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. తర్వాతి చోట ముప్పై మూడు. మళ్లీ ముప్పై రెండు. గేటు దగ్గర ముప్పై. చివరిది రెండో మలుపు. అక్కడ నేల పల్లంగా ఉందని మేస్త్రీ స్వయంగా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పోశాడు.

"ముప్పై నాలుగు."

మేస్త్రీ గొంతుక్కూర్చున్నవాడల్లా లేచాడు. "అమ్మా, గేటు దగ్గర వాన తరుముకొస్తుంటే హడావిడిగా కానిచ్చాను. అది పరీక్ష తప్పిందంటే ఒప్పుకుంటా. కానీ ఈ మలుపు తప్పదు. తప్పిందంటే లోపం ట్రాక్‌లో లేదు."

"నా మిషన్‌లో ఉందంటారా? పోయిన వారమే సరిచూశారు."

"మిషన్‌ని అనడం లేదమ్మా. పొద్దున ముందుగా దేని మీద పడేశారు?"

"మీ స్టోర్ గదిలో కాంక్రీటు మీద. ఆరు వేల నాలుగు వందల న్యూటన్లు వచ్చింది. కాస్త తక్కువే, కానీ హద్దు దాటలేదు." ఆమె ఆగింది. కాంక్రీటు దెబ్బ తక్కువ చూపిస్తే దానితో పోల్చిన ప్రతి అంకే దిగిపోతుంది. "పదండి."

స్టోర్ గదిలో మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని నేలను గోటితో గీరాడు. కాగితమంత పలచని పొర సాగుతూ లేచింది. వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది గోడకు అతుక్కుపోయాడు.

"ఆవిడ వస్తున్నారు, నేలంతా దుమ్ముగా ఉందని... ట్రాక్ రబ్బరులో కలపగా మిగిలిన జిగురు నేనే పూశాను బావా. శుభ్రంగా ఉంటుందని."

"శుభ్రంగా నా కొంప ముంచావు కదరా," అన్నాడు మేస్త్రీ. గొంతులో కోపం కంటే తేలికపడ్డ ఊపిరే ఎక్కువ వినిపించింది.

వరండాలో ఉత్త కాంక్రీటు వెతికి, చీపురుతో ఊడ్చి, బరువు మూడుసార్లు పడేశారు. ఆరు వేల ఏడు వందల యాభై. ఇంజనీరమ్మ లెక్కంతా మళ్లీ కట్టింది. ముప్పై ఐదున్నర, ముప్పై ఆరున్నర, మళ్లీ ముప్పై ఐదున్నర. మలుపు ముప్పై ఏడు దాటింది.

"గేటు దగ్గర మాత్రం ముప్పై మూడున్నరేనండీ," అంది నెమ్మదిగా. "ఆ ముక్క కోసి మళ్లీ వేయాలి. మిగతాదంతా సరిపోయింది. రిపోర్టులో అలాగే రాస్తాను. ఆరాక కబురు చేయండి, వస్తాను."

మేస్త్రీ తలూపి, సామాన్ల పెట్టెలోంచి కత్తి తీశాడు. గుమ్మం దగ్గర బావమరిది ఇంకా తల దించుకునే ఉన్నాడు.

"పొద్దున తిట్టాల్సింది ఇప్పుడు తిట్టానులే. లెక్కలోకి తీసుకోకు," అన్నాడు మేస్త్రీ. "బకెట్ పట్టుకురా. జిగురు మాత్రం నేను కలుపుతా."