కనపడలేదంటే ఒక స్టిక్కర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అనకాపల్లిలో మా ఆఫీసు మొత్తానికి తెలుసు. ఆ రోజు మాత్రం ఆ కోపం తిరిగి తిరిగి నా మీదకే వచ్చింది.

అంగన్‌వాడీ పిల్లల కళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం. పది అడుగుల దూరంలో బొమ్మల చార్టు తగిలించి, ఒక కంటి మీద కాగితం కప్పు పెట్టి, రెండో కంటితో బొమ్మల పేర్లు చెప్పించాలి. ఒక కన్ను బాగుండి రెండో కన్ను మందగించిన పిల్లలను పట్టుకోవడమే ఇందులో అసలు పని. అలాంటి పిల్లలు అందరిలాగే ఆడతారు, పరిగెడతారు, కింద పడిన సూది కూడా ఏరి ఇస్తారు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. చిన్నప్పుడే దొరికితే అద్దాలు పెట్టి, మంచి కంటిని రోజూ కాసేపు మూసి ఉంచి, మందకొడి కంటి చేత పని చేయించవచ్చు. ఆలస్యమైతే ఆ కన్ను ఉన్నా లేనట్టే.

ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరకముందే తెలుసు. నా ఎడమ కన్ను అలాంటిదే. పంతొమ్మిదేళ్ళకు కానిస్టేబుల్ సెలక్షన్లలో పరుగుపందెం, లాంగ్ జంప్ అన్నీ నెగ్గాను. మెడికల్‌లో డాక్టరు నా కుడి కన్ను మూసి చదవమంటే అప్పుడు బయటపడింది. రోలుగుంటలో మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరందరి కళ్ళూ చూసే బిందుమాధవికి ఒక కన్ను కనపడదంటే నవ్వరా?

ఆ రోజు నేను వెళ్ళింది రాజయ్యపేట దాటాక ఒడ్డు మీదున్న ఒక చిన్న పేటకి. అందరూ చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. అంగన్‌వాడీ టీచరు మరిడమ్మగారు ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నారు. ఇరవై ఇద్దరు పిల్లలకూ తలదువ్వి, పౌడరు రాసి, పెళ్ళివారిలా కూర్చోబెట్టారు. పిల్లలకు బొమ్మల పేర్లు ముందే తెలిసి ఉంటే పని సులువవుతుందని చార్టు ఫోటో ఆవిడకు వాట్సాప్‌లో పంపింది నేనే.

మొదటి ఎనిమిదిమంది తడుముకోకుండా చెప్పేశారు. ఇల్లు, యాపిల్, బంతి, పెట్టె. అన్నిటికంటే కింద వరుస, చీమంత బొమ్మలు, అవి కూడా. జిల్లా మొత్తంలో ఇంత చక్కటి కళ్ళున్న పేట లేదని మురిసిపోయాను. ఇంతలో సముద్రం గాలికి చార్టు ఊడి పడింది. ఆయా అప్పలనర్సమ్మ తీసి మళ్ళీ మేకుకు తగిలించింది.

తొమ్మిదో పిల్ల గౌతమి. ధనరాజు అనే జాలరి కూతురు, నాలుగేళ్ళు. కుడి కన్ను మీద కప్పు పెట్టగానే మొదలుపెట్టింది. "ఇల్లు, యాపిల్, బంతి, పెట్టె..." చివరి వరుస దాకా చెప్పింది. నేను టిక్కు పెట్టి, కప్పు ఎడమ కన్ను మీదకు మార్చాను. "ఇల్లు" అని ఆగిపోయింది.

"ఇది ఇల్లు కాదు, బంతి" అంది.

తిరిగి చూశాను. చార్టుకు రెండో పక్క కూడా బొమ్మలుంటాయి, వరుస మాత్రం వేరు. అప్పలనర్సమ్మ ఆ పక్క పైకి పెట్టింది. మొదటి బొమ్మ బంతే. అంటే ఇందాక ఎడమ కంటితో ఆ పిల్ల చూసి చెప్పలేదు, అప్పజెప్పింది. మరి ముందు ఎనిమిదిమంది సంగతేంటి?

"ఏటి మరిడమ్మగారూ ఇది?"

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "నాలుగు రోజులు కూకోబెట్టి నేర్పేను మేడమ్. పైనుంచి కిందకి ఒక్కరైనా తప్పు సెప్పేరా సూడండి! పెద్దోళ్ళొచ్చినప్పుడు సెంటర్‌కి పేరు రావాలి కదేటి."

"ఇదేం పరీక్షండీ? మార్కులేత్తారా? కనపడని పిల్ల కనపడినట్టు సెప్పేత్తే ఆ పిల్ల గతి ఏటి?" గది దద్దరిల్లేలా అరిచాను. ఆయా చేతిలోని గుడ్ల గిన్నె గలగల్లాడింది. బుజ్జి అనే పిల్లాడు ఏడుపందుకున్నాడు. మరిడమ్మగారి ముఖంలో వెలుగంతా పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఫోటో పంపింది నేనే కదా అని. సిగ్గేసింది.

సంచిలోంచి విడి కార్డులు తీశాను. ఒక్కో కార్డు మీద ఒక్కటే బొమ్మ, ఏది ముందొస్తుందో ఎవరికీ తెలియదు. కానీ నా అరుపుకి పిల్లలు బెదిరిపోయారు. కార్డు చూపిస్తే కార్డుని కాక టీచరు పెదాలు చూస్తున్నారు. ఆవిడ పెదాలు ఆవిడకు తెలియకుండానే కదులుతున్నాయి. ఆవిడను పిల్లల వెనక నిలబడమన్నాను. అప్పుడు ఊహించడం మొదలైంది. బుజ్జి ఎక్కిళ్ళ మధ్య "ఇల్లు, యాపిల్, బంతి, పెట్టె" అని నాలుగూ అప్పజెప్పి, ఏది కావాలో నన్నే ఏరుకోమన్నట్టు చూశాడు. గౌతమి కప్పు అంచు మీంచి మంచి కంటితో తొంగి చూసింది. చెయ్యి సర్దితే మళ్ళీ తొంగి చూసింది. కనపడలేదు అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రావడం లేదు. అది తప్పు జవాబని వాళ్ళకు నేర్పేశాం.

పరీక్షకి నేను మళ్ళీ వచ్చేది ఏడాదికి. ఉత్త అనుమానం మీద వేట మానేసి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే ధనరాజు వెళతాడా? గట్టిగా తేల్చి చెప్పాలి.

అప్పుడు మరిడమ్మగారు ముందుకొచ్చి, పిల్లల చిన్న కుర్చీలో కూలబడ్డారు. కప్పు తీసుకుని తన ఎడమ కన్ను మూసుకున్నారు.

"నాకు సూపించండి మేడమ్."

ఇల్లు కార్డు చూపించాను.

"కనపడనేదు" అన్నారు.

పిల్లలు నోళ్ళు తెరిచేశారు. టీచరమ్మకి తెలియనిది ఉంటుందని వాళ్ళెప్పుడూ అనుకోలేదు.

"నాటకం కాదమ్మా" అన్నారావిడ నాకు మాత్రమే వినపడేలా. "రెండేళ్ళ నుంచి ఈ కంట్లో పొగ కమ్మేసింది. సెప్పితే మానిపించేత్తారని భయం. ఫోన్లో ఎంట్రీలన్నీ నా కోడలే సేత్తాది."

పరీక్షయ్యాక పిల్లలకిచ్చే స్టిక్కర్ల షీట్ నుంచి ఒక నక్షత్రం ఊడదీసి ఆవిడ చేతి మీద అంటించి, గట్టిగా చప్పట్లు కొట్టాను. "టీచరమ్మ నిజం సెప్పింది. కనపడలేదంటే స్టిక్కర్!"

ఆ తర్వాత మరో తంటా. చంటిబాబు అనే గడుగ్గాయి ప్రతి కార్డుకీ "కనపడనేదు" అంటూ చెయ్యి చాపడం మొదలెట్టాడు. ఆ మూల గోడ మీదున్న బల్లి మాత్రం వాడికి తోకతో సహా కనపడుతోంది. కనపడినా స్టిక్కరే, కనపడకపోయినా స్టిక్కరే అని రూలు మార్చాక దారికొచ్చాడు. గది నవ్వులతో నిండింది. బుజ్జి ఏడుపు మరిచిపోయాడు.

గౌతమిని మళ్ళీ పిలిచాను. కుడి కన్ను మూసి, అన్నిటికంటే పెద్ద ఇల్లు చూపించాను. కప్పు పట్టుకున్న చెయ్యి కదలలేదు. టీచరు వైపు తిరిగింది. మరిడమ్మగారు తల ఊపారు.

"కనపడనేదు" అంది గౌతమి.

"నా తల్లే!" అంటూ మరిడమ్మగారు పిల్లను దగ్గరకు లాక్కున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను కార్డులు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

ఆ సాయంత్రం ధనరాజు ఇంటికి మరిడమ్మగారే నాతో వచ్చారు. "మా పిల్ల సక్కగానే సూత్తాది మేడమ్" అన్నాడతను. కూతురి కుడి కన్ను తన అరచేత్తో మూయమన్నాను. అతను మూశాక, మరిడమ్మగారు ఆరు అడుగుల దూరంలో నిలబడి మూడు వేళ్ళు చూపించారు. కూతురు భయం లేకుండా "కనపడనేదు నానా" అంది. మర్నాడు అతను వేటకి వెళ్ళలేదు.

రెండున్నర నెలల తర్వాత, డ్యూటీ లేకపోయినా, మళ్ళీ ఆ పేటకి వెళ్ళాను. మరిడమ్మగారి కంటికి ఆపరేషన్ అయింది. ఉద్యోగం పోలేదు, సెలవిచ్చి మళ్ళీ చేర్చుకున్నారు. నేనొచ్చానని గౌతమి పరుగెత్తుకొచ్చింది. గులాబిరంగు అద్దాలు, కుడి కంటి మీద తెల్లటి పట్టీ. కూర్చోబెట్టి, పది అడుగుల దూరం నుంచి పెద్ద కార్డు ఎత్తాను.

"ఇల్లు."

దానికంటే చిన్నది ఎత్తాను.

"యాపిల్."

ఇంకా చిన్నది.

"ఇది కనపడనేదు. రేపు కనపడతాది" అంది ధీమాగా. రెండు స్టిక్కర్లు అడిగి మరీ తీసుకుంది.

తర్వాత కప్పు నా చేతికిచ్చింది. "ఇప్పుడు నువ్వు."

మరిడమ్మగారు, అప్పలనర్సమ్మ, పిల్లలందరూ చూస్తున్నారు. కుడి కన్ను మూసుకున్నాను. గౌతమి కార్డు ఎత్తి పట్టుకుంది. గులాబిరంగు మరకలా ఏదో తప్ప నాకేమీ తెలియలేదు.

"కనపడలేదమ్మా" అన్నాను. పదేళ్ళలో బయటివాళ్ళ ముందు ఈ మాట అనడం అదే మొదటిసారి.

గౌతమి దగ్గరకొచ్చి, తన చేతి మీద నక్షత్రం ఊడదీసి నా చేతికి అంటించింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.