ఆరో మంచం రంగు

నాలుగో మంచం మూత్రం సీసా బకెట్లో వంచి, ఆయా అయిదోదాని మూత తీసింది. పసుపు. రెండు నెలలుగా పన్నెండు మంచాలదీ ఒకటే రంగు, పెయింటు డబ్బా ఒలకబోసినట్టు.

మేనేజరమ్మ తెప్పించిన బలం మాత్రల చలవ అది. విటమిన్లట, జింకట, ఇంకేవో ఖనిజాలట. డబ్బా వెనక అచ్చేసింది చదివి ఆవిడగారు సగం డాక్టరైపోయింది. ఇవి మింగితే ముసలివాళ్ల దరిదాపులకి ఇన్ఫెక్షన్లు రావని వరండాలో నిలబడి ఉపన్యాసమిచ్చింది. ఆ రోజు నుంచీ చేతులు కడిగే సబ్బు అరిగిపోయినా పట్టించుకునే దిక్కులేదు. మాత్ర మాత్రం ఒక్క పూట తప్పడానికి వీల్లేదు.

ఆ ముసలివాళ్ల హోములో ఇరవై రెండేళ్లుగా ఆయా పని ఇదే. ఎత్తడం, పారబోయడం, కడగడం. పొట్టి మనిషి, నడుం కాస్త వంగింది. ఫినాయిలుకి వేళ్ల సందులు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఇంటికెళ్తే కోడలు "ముందు స్నానం చెయ్యండత్తయ్యా" అంటుంది. స్నానం చేసొచ్చాక కూడా పసివాణ్ణి చేతికివ్వదు. అయిదో తరగతిలో బడి మానేసిన ఆయాకి వచ్చిన విద్యల్లా ఒక్కటే. సీసాని కిటికీ వెలుతురుకెత్తి, ఎవరికి లోపల చెడిందో చెప్పగలదు. ఒకప్పుడు ఆమె చెప్పడమే ఆలస్యం, డాక్టరుకి ఫోను వెళ్లేది.

మాత్రలు మొదలైన వారంలో ఆ విద్య కాస్తా నవ్వులపాలైంది. సీసాలన్నీ ఒక్కసారి పచ్చబడేసరికి ఆమె హడలిపోయి డాక్టర్ని పిలిపించింది. ఆయన చూసి పెద్దగా నవ్వాడు. "రోగం కాదమ్మా, మాత్రల రంగు!" మేనేజరమ్మ నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ఆయాని "రంగుల డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

ఆరో మంచం దర్జీ తాతది. సీసా ఎత్తింది. పసుపే, కానీ అడుగు కనబడలేదు. కుడితిలా ఉంది. వాసన ముక్కు బద్దలుకొట్టింది.

"ఏం తాతా, మండుతోందా?"

రోజూ అయితే "వచ్చావా మహారాణీ, నా ఆస్తి పట్టుకుపోడానికి!" అని ఎకసెక్కాలాడేవాడు. ఇవాళ ఆమెకేసి చూడనైనా లేదు.

"జాకెట్టు చేతులు బిగువన్నావుగా, విప్పుతున్నా. సాయంత్రం రా."

దుప్పటి అంచుని రెండు చేతులతో ముందుకి తోస్తున్నాడు. దుప్పటి కింద పాదాలు మిషను తొక్కుతున్నట్టు ఆడుతున్నాయి. నుదురు ముట్టుకుంటే వేడి లేదు.

ఆయా ఆఫీసు గదికి వెళ్లింది.

"అమ్మా, దర్జీ తాతకి బాగాలేదు. పాస్ చూస్తే..."

"మళ్లీ రంగులా?" మేనేజరమ్మ తలెత్తలేదు.

"రంగు సంగతి కాదమ్మా. చిక్కగా వచ్చింది. మాటలు కూడా తేడాగా ఉన్నాయి."

"ఎనభై రెండేళ్లకి మాట తేడా రాక, పద్యాలు పాడతాడా? జ్వరముందా?"

"లేదు."

"మాత్ర వేశావా?"

"వేశాను."

"ఇంకోటి వెయ్యి. నీరసం."

డాక్టరు నంబరు ఆ గది తలుపుమీదే పెద్ద అంకెల్లో అతికించి ఉంది. అంకెలు ఆయాకి వచ్చు. ఫోను బొడ్లోనే ఉంది. తలుపు ముందు కాసేపు నిలబడింది. ఆయన మళ్లీ నవ్వితే? ఇన్నేళ్లు ఊరందరి మూత్రం మోసిన మనిషికి ఒక్క నవ్వు మొయ్యలేనంత బరువైపోయింది. వెళ్లి, రెండో మాత్ర తాత పెదాల మధ్య పెట్టి నీళ్లు పట్టించింది.

తర్వాత నేల తుడిచింది. దుప్పట్లు ఉతికింది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ పాదాలకేసి చూసింది. తొక్కుతూనే ఉన్నాయి. మూడింటికి జోరు తగ్గింది. నాలుగున్నరకి చేతులు చల్లబడి, రొప్పు మొదలైంది. అప్పుడింక ఆయా ఎవర్నీ అడగలేదు. ఆఫీసు తలుపు దగ్గరికి పరుగెత్తి ఒక్కో అంకె నొక్కింది.

డాక్టరు అరగంటలో వచ్చాడు. ఈలోపే పాదాలు ఆగిపోయాయి, రొప్పు కూడా.

ఆయన సీసా తెప్పించుకుని వెలుతురుకెత్తి చూశాడు. ఈసారి నవ్వలేదు. "మూత్రంలో ఇన్ఫెక్షను. రక్తంలోకి పాకినట్టుంది. పొద్దున్నే పిలిచుంటే ఏదో ఒకటి చేసేవాళ్లం."

"మాత్రలు ఒక్క పూట మానలేదండీ," అంది మేనేజరమ్మ.

"వాటికిది ఆగుతుందని ఎవరు చెప్పారు?"

"డబ్బా మీద ఉందండీ." ఆయాకేసి చెయ్యి చూపించింది. "మా ఆయాకి చదువు లేదు కదండీ. చెప్పాల్సింది వేళకి చెప్పి చావదు."

ఆయా నోరు తెరిచింది. పొద్దున చెప్పానని అనొచ్చు. అంటే, చెప్పాక తానేం చేసిందో కూడా చెప్పాలి. ఆయన చేతిలోని సీసా అందుకుని కడగడానికి వెళ్లింది.

చీకటిపడకముందే తాతని తీసుకెళ్లారు. మంచం ఖాళీ చేస్తూ దిండు ఎత్తితే కింద కళ్లజోడు కనిపించింది. ఎవరూ తీసుకెళ్లలేదు. విరిగిన కాడకి నీలం దారం చుట్టి ఉంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య వెంట్రుక దూరే సందు లేదు.