ఎలుగు కొరికిన తుపాకి

చెక్కలో ఎక్కడైనా చిన్న సొట్ట కనబడితే వడ్రంగి కూర్మయ్యకు అన్నం సహించదు. ఇది మంచి గుణమని అతను, రోగమని అతని భార్య పైడితల్లి అంటూ ఉంటారు. ఆ ఏడు ఆ రోగమే కొంప ముంచబోయింది.

కంచిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో పెద్ద భూస్వామి, బుగత జగన్నాథరావు కొత్త ఇల్లు కడుతున్నాడు. పద్నాలుగు తలుపులు, ఆపైన సింహద్వారం. ఆ పని దొరికితే కూర్మయ్య రెండేళ్ళు ఊరు కదలక్కర్లేదు. దొరక్కపోతే మళ్ళీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని పలాసలో రైలెక్కి, పరాయి ఊళ్ళో రేకుల షెడ్డులో పడుకోవాలి. రెండేళ్ళుగా అదే బతుకు. ఈసారి వెళితే తనూ రైలెక్కేస్తానని పైడితల్లి తెగేసి చెప్పింది.

బుగత తలుపుల మాట తేల్చలేదు. ఒక ఎయిర్ గన్ తెచ్చి ముందు పడేశాడు. కొబ్బరితోటలో కోతులను బెదిరించే తుపాకి అది. ఎప్పుడో కిటికీలకు రంగు వేయడానికి వచ్చిన మహానుభావుడు, పక్కన గోడకు ఆనించి ఉన్న పాపానికి దానికీ ఆకుపచ్చ ఎనామిల్ దట్టంగా పూసిపోయాడు.

"ఆదివారం మా అమ్మాయి భానుప్రియని సూడ్డానికి టెక్కలి నుంచి పెళ్ళోరు ఒత్తన్నారు. ఈ రంగంతా పీకీసి, మా నాయన కాలంలో ఎలాగుండీదో అలాగ సెయ్యి. నచ్చితే తలుపులు నీవి. లేదంటే బరంపురం మేస్త్రీకి కబురెడతాను" అన్నాడు బుగత.

"సిత్తం బాబూ" అని కూర్మయ్య తుపాకిని చంటిబిడ్డలా ఇంటికి తెచ్చుకున్నాడు.

గొట్టాన్ని విడదీసి, కిరసనాయిలు గుడ్డతో తుప్పంతా తుడిచాడు. కర్రకు రంగు ఊడగొట్టే మందు రాసి, పొక్కులు లేచాక గాజుపెంకుతో గీశాడు. పచ్చరంగు కింద నుంచి తేనెరంగు చెక్క బయటపడేసరికి ప్రాణం లేచివచ్చింది. అంతలో భుజానికి ఆనించే మడమ అంచున నాలుగు సొట్టలు కనబడ్డాయి, బియ్యపుగింజంతవి. మరొకడైతే వదిలేసేవాడు. కూర్మయ్య వాటి మీద తడిగుడ్డ పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరికి చెక్క ఉబ్బి సొట్టలు పైకి లేచాయి. ఉప్పుకాగితం పట్టి, లక్క పాలీషు ఆరు పూతలు వేశాడు. అద్దంలా ఉంది. తన పని చూసుకుని తనే మురిసిపోయాడు.

శనివారం పొద్దున బుగత పాలేరు పెంటయ్య వచ్చి తుపాకిని అటూ ఇటూ తిప్పాడు.

"బాగుంది బావా. మరి ఎలుగు పళ్ళేవి?"

"ఏ ఎలుగు?"

"బుగత తండ్రి మీద పడిన ఎలుగు. తుపాకి అడ్డెడితే కొరికీసి పారిపోనాది కదా. ఆ గుర్తులు పెళ్ళోరికి సూపించడానికే రంగు తీయించడం."

కూర్మయ్య తను లేపేసిన నాలుగు సొట్టలున్న చోటును తడిమి చూసుకున్నాడు. ఆ కథ వినని చెవి ఊళ్ళో లేదు. అతనూ వందసార్లు విన్నాడు. కాని కథలో తుపాకి అంటే తూటాల తుపాకి అనుకున్నాడు. కోతి కూడా లెక్కచేయని ఈ పిట్టల తుపాకితో ఎలుగుకు ఎదురునిలిచే మనిషి ఉంటాడని ఎవరు అనుకుంటారు?

"ఎల్లి నిజం సెప్పీ" అంది పైడితల్లి.

"సెప్తే తలుపులు బరంపురం ఎలిపోతాయే."

"పోనీ, ఎలుగు పళ్ళు ఎప్పుడైనా సూసినావేటి?"

"జీడితోటలో దాని ఎనకభాగం సూసినాను. అది ఇటు తిరిగేసరికి నాను ఇంటికాడున్నాను."

ఎలుగంటే అంత జంతువు కదా, పళ్ళూ దానికి తగ్గట్టు ఉండాలని లెక్క వేసుకున్నాడు. ఉలి తీసి ఉదారంగా ఎనిమిది గుంటలు పెట్టాడు. పాతగా కనబడటానికి చిక్కటి టీ డికాక్షన్ పట్టించాడు.

ఆదివారం బుగత ఇంటి వసారాలో పెళ్ళివారికి జీడిపప్పు పకోడీలు, వాటితోపాటు ఎలుగు కథ వడ్డించారు. కూర్మయ్య స్తంభం పక్కన నిలబడ్డాడు. "ఇదిగో, ఇక్కడే కొరికింది" అంటూ బుగత మడమ అంచున వేలు పెట్టాడు. వేలు సగం దిగిపోయింది. బుగత కూర్మయ్యను చూశాడు. కూర్మయ్య పైకప్పును చూశాడు.

"ఇది ఎలుగు కాదండీ, ఏనుగే" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి గణపతిరావు.

ఇంతలో బుగత తల్లి సింహాచలమ్మ చెయ్యి చాపి తుపాకి తీసుకుంది. చూపు ఆనదు కాబట్టి వేళ్ళతో తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇయి మా జగ్గడి పళ్ళు కావు" అంది.

"అమ్మకి పెద్దతనం" అని బుగత నవ్వబోయాడు. "ఏరా కూర్మయ్యా, రంగు తీసినోడివి నువ్వు. ఎలుగు పళ్ళేనా కాదా, సెప్పు."

పద్నాలుగు తలుపులూ కూర్మయ్య కళ్ళముందు వరుసగా నిలబడ్డాయి. అవునంటే చాలు. కాని ముసలమ్మ వేళ్ళు ఆ అంచు మీద ఇంకా దేనికోసమో వెతుకుతూనే ఉన్నాయి. చూడలేకపోయాడు. సిగ్గేసింది.

"ఇయి నా ఉలిదెబ్బలు బాబూ. అసలువి నాలుగే, బియ్యపుగింజలంత. సొట్టలనుకుని నానే లేపీసినాను."

గణపతిరావు నోటిదాకా వచ్చిన పకోడీని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"పళ్ళొచ్చినప్పుడు మీ నాయన ఒళ్ళో కూకుని దీన్నే కొరికీవోడివి" అంది సింహాచలమ్మ కొడుకుతో. "కాస్త పెద్దయినాక సీకటంటే ఒకటే ఏడుపు. అయి ఎలుగు పళ్ళనీ, ఈ తుపాకికి భయపడి ఎలుగే పారిపోనాదనీ మీ నాయన సెప్తే, అప్పుడు నిద్దరోయీవోడివి."

గణపతిరావు నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బుగత నవ్వలేదు. యాభై ఏళ్ళుగా ఆ ఎలుగును మనసారా నమ్మిన మనిషి. తుపాకి ఒళ్ళో పెట్టుకుని, గుంటల మధ్య నున్నగా ఉన్నచోట బొటనవేలితో చాలాసేపు రాశాడు. కళ్ళు తడిశాయి.

"ఉన్నవి తీసీసినావు, లేనివి ఎట్టినావు" అన్నాడు చివరకు.

"తప్పయిపోనాది బాబూ."

"బరంపురం మేస్త్రీ అయితే ఎలుగనే సెప్పీవోడు. రేపొచ్చి తలుపులకి కొలతలు తీసుకో. ముందు మాత్రం ఒక ఉయ్యాల సెయ్యి."

"ఇంకా తాంబూలాలే పుచ్చుకోలేదు కదండీ" అన్నాడు గణపతిరావు.

బుగత ఆ మాట వినిపించుకోలేదు.

"మెత్తటి కర్ర సూసి సెయ్యి, కూర్మయ్యా. కొరికితే గుర్తు పడాలి."