గరాజ్‌లో దాచిన ఆకులు

అమెరికాలోని మా మోరిస్‌విల్‌లో రాలిన ఆకుల్ని రోడ్డు పక్కన పోగేస్తే టౌన్ వాళ్ల లారీ వచ్చి గొట్టంతో పీల్చుకుపోతుంది. ఈ ఏటికి ఆఖరి లారీ మర్నాడు పొద్దున్నే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే చీకటి పడిపోయింది. ఆకులూడ్చే రేక్ చేతికి తీసుకున్నానో లేదో, గడప దగ్గర కార్తీక దీపం పెడుతున్న మా ఆవిడ గిరిజ కేకేసింది.

"దీపం పెట్టాక ఊడుస్తారా ఎవరైనా? లక్ష్మి వెళ్లిపోతుంది!"

"నువ్వు డేటా సైంటిస్టువి గిరిజా!"

"రేపు ఆ జాబ్ కాల్ వస్తుంది శశీ. ఈ ఒక్కరోజు రిస్క్ వద్దు."

ఆగస్టులో తన ఉద్యోగం పోయింది. దాంతోపాటే ఇంట్లో నవ్వు కూడా లేఆఫ్ అయింది. అందుకే రేక్ గోడకి ఆనించాను.

చివరికి వాళ్ల అమ్మమ్మ మాటలో సందు దొరికింది. తప్పనిసరైతే ఊడవచ్చు, చెత్త మాత్రం తెల్లారేదాకా బయట పారేయకూడదు, ఓ మూలకి చేర్చాలి. ఇంత చెత్తకి మూలెక్కడిది? కారు బయటికి తీసి, ఆకుల్ని దుప్పట్లలో మూటగట్టి గరాజ్‌లోకి ఈడ్చాం. "లక్ష్మీదేవికి గరాజ్, నా కారుకి మంచు!" అని ఈడుస్తున్నంతసేపూ వెక్కిరిస్తూనే ఉన్నాను.

తెల్లారగానే అంతా రోడ్డు పక్కకి చేరవేశాం. మా అనుష్కకి ఎనిమిదేళ్లు, ఊరుకుంటుందా?

"అమ్మా, లాస్ట్ జంప్! నువ్వు కూడా రా!"

గిరిజ వద్దువద్దంటూనే చెప్పులు విడిచి ఎగిరి దూకింది. అనుష్క దోసిళ్లతో ఆకులెత్తి మీద పోసింది. గిరిజ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నాకు కళ్లు చెమర్చాయి.

అంతలో లారీ వచ్చేసింది. గిరిజ లేచి జాకెట్ జేబు తడుముకుంది.

"శశీ, నా ఫోన్! ఇందులోనే పడిపోయింది!"

ఆర్టీసీ బస్సు ఆపినట్టు రెండు చేతులూ చాపి లారీకి అడ్డం నిలబడ్డాను. డ్రైవర్‌కి సంగతి చెబితే పాపం ఇంజన్ ఆపేశాడు. వీధంతా నిశ్శబ్దం. కుప్ప అడుగున ఫోన్ మోగుతోంది.

ముగ్గురం పందికొక్కుల్లా తవ్వాం. గిరిజకే దొరికింది. జుట్టునిండా ఆకులతో, రొప్పుతూ, "యెస్, స్పీకింగ్" అంది. తర్వాత ఫోన్ చెవికి అదుముకుని వింది. చివర్లో థాంక్యూ చెప్పి, ఆకుల్లోనే చతికిలబడింది.

"వచ్చేసింది శశీ!"

డ్రైవర్ హారన్ కొట్టాడు. అనుష్క మళ్లీ దూకింది.

లారీ గొట్టం దించేలోపు నేను, రాత్రంతా వెటకారం చేసినవాణ్ణి, ఎవరూ చూడకుండా ఒక ఎర్రటి ఆకు ఏరి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టాను.