కొసరు చూపే చేతులు

పొద్దున్నే షట్టరు పైకి లేపి కోడలు చేతులాడించడం మొదలుపెట్టిందంటే కర్టెన్ల దుకాణం కళకళలాడేది. ఏ కిటికీకి ఏ గుడ్డ ఎలా వేలాడుతుందో గాలిలో గీసి చూపిస్తే, ఆ గీసింది కాసేపు అక్కడే ఉండేది. కొనేవాళ్లు ముట్టుకుని, మడతలు సవరించి, "ఇదే ఇవ్వండి" అనేవారు. కుచ్చులకు గుడ్డ ఎక్కువ పడుతుంది కాబట్టి ఏదైనా రెండింతలో పదింతలో చేసి చూపడం ఆమెకు అలవాటైపోయింది. ఇంట్లో వంకాయ ఊసెత్తినా గుమ్మడికాయంత తేలేది. భర్త దాన్ని పక్కకు నెట్టి అన్నం తినేవాడు.

అత్తగారికి వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనదు. కొడుకు పెళ్లినాటికే అంతే, కోడలి ముఖం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. ఇంకా నాన్చితే ఆపరేషన్ చేసినా చూపు రాదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అత్తగారేమో ససేమిరా అంది. మాటకారి కదా అని, ఒప్పించే పని కోడలి నెత్తిన పడింది.

"సన్న సూది అత్తయ్యా, చీమ కుట్టినట్టుంటుందంతే," అంటూ కోడలు చేతులు చాపింది. అత్తగారు తడిమి చూసింది. గాలిలో గరిటంత సూది తగిలింది.

"ఇదా నా కంట్లో పెట్టేది? ముందు మీ ఆయన్ని పొడిపించుకోమను," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు కోడలు చేతులు ఒళ్లో బిగించుకుని చెప్పింది. మాటలు చప్పగా వచ్చాయి.

"పాఠం అప్పజెబుతున్నట్టుంది. నువ్వే నమ్మనిది నన్నెలా నమ్మమంటావే?" అంది అత్తగారు.

కోడలికి ఏడుపొచ్చింది. "ఉన్నది ఉన్నంతే చూపడం నాకు చేతకాదు అత్తయ్యా. మీరు నన్నొక్కసారి చూడాలని ఉంది, అంతే."

ఆవిడ కోడలి చేతులు రెండూ వెతికి పట్టుకుంది. "మళ్లీ చూపించు. నేను సరిచేస్తాను."

సూది తేలింది. అత్తగారు ఆ చేతుల్ని కొద్దికొద్దిగా దగ్గరికి జరిపింది.

"ఇంతుంటుందా?"

"ఇంకా చిన్నది."

"ఇంత?"

"ఇంకా."

చివరికి కనుబొమ్మ వెంట్రుకంత మిగిలింది. ఆవిడ దాన్ని వేళ్లమధ్య నలిపి చూసింది. "దీనికా నేనింత రభస చేశాను," అని, మంచం దిగి, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

కట్టు విప్పిన రోజు కోడలు ఎదురుగా నిలబడింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తగారు ఆమెను తీరిగ్గా, తలనుంచి కాళ్లదాకా చూసింది.

"నీ గురించి మావాడు సగమే చెప్పాడే," అంది.