బావ పేరు మీది చీపురు

మా బావకు వచ్చిన 'ఉత్తమ కార్మికుడు' పటాన్ని తుడవడం నా పని. ముందుగదిలో తలుపు తీయగానే కనిపించేటట్టు మేకు కొట్టి తగిలించాడు. తడిగుడ్డ పెడితే అద్దం మీద చారలు పడతాయి కాబట్టి పొడిగుడ్డతో తుడిచి, నోటితో ఊది, మళ్ళీ తుడవాలి. ఎవరైనా ఇంటికి వస్తే బావ వాళ్ళను సరిగ్గా దానికి ఎదురుగా కూర్చోబెడతాడు. "ఒళ్ళు దాచుకోకుండా చేస్తే ఏ దేశంలోనైనా గుర్తిస్తారండీ" అంటాడు. వచ్చినవాళ్ళు తలూపుతారు. అక్క టీ తెస్తుంది. నేను బిస్కట్ల ప్లేటు పట్టుకుని వెనకాల నిలబడతాను. ఆ పటం ఇచ్చింది ఒక బడి నేలలను అద్దంలా ఉంచినందుకు. ఆ నేలలు తుడిచేది అక్కా, నేనూ. బావ ఆ బడి లోపలికి వెళ్ళింది ఒక్కసారే, పటం తీసుకోవడానికి. ఆ రోజు కూడా మేం అప్పుడే తుడిచిన నేల మీద బూట్లతో నడిచాడు.

బావ పగలంతా సామాన్ల వ్యాను తోలుతాడు. సాయంత్రాలు బడి శుభ్రం చేసే పని కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆరేళ్ళ క్రితం అక్క కొత్తగా వచ్చినప్పుడు, "నీకు ఇక్కడి భాష రాదు, కాగితాలు తెలియవు. పని నా పేరు మీద తీసుకుంటాను, నువ్వు కాస్త సాయం చెయ్యి చాలు" అన్నాడట. ఆ కాస్త సాయం ఇప్పటికీ తెగలేదు. మా ఇంట్లోనే కాదు, ఇక్కడ మనవాళ్ళలో ఇది మామూలే. మొగుడి పేరు మీద పెళ్ళాం చీపురు పడుతుంది, కొడుకు పేరు మీద తల్లి అంట్లు తోముతుంది. బడి శుభ్రం చేయించే కంపెనీవాళ్ళు ఎప్పుడైనా ఫోన్ చేస్తే బావ ఇంటికి వచ్చే దారిలో వ్యాను పక్కకు ఆపి, "రెండో అంతస్తులో ఉన్నాను సార్, తుడుస్తున్నాను" అంటాడు. కాబట్టి ఈ దేశం లెక్కలో మా బావ రెండు ఉద్యోగాలు చేసే కష్టజీవి. అక్కా, నేనూ ఆయన మీద ఆధారపడి బతికే మనుషులం. మా పోషణ చూపించినందుకు ఆయనకు పన్నులో తగ్గింపు కూడా ఉంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. అన్నం తింటూ ఆయనే చెబుతాడు. "మీరిద్దరూ తినే ముద్దలో కొంత ప్రభుత్వమే పెడుతోంది, తెలుసా?" అని నవ్వుతాడు.

వాళ్ళ అమ్మ ఫోన్‌లో మాట్లాడేటప్పుడు స్పీకరు పెడతాడు. "పగలూ రాత్రీ గొడ్డులా కష్టపడుతున్నాడే నా కొడుకు. కాళ్ళు చాపుకుని కూర్చుని తింటున్నావు, వాడికి వేడివేడిగా వండైనా పెడుతున్నావా?" అంటుంది ఆవిడ. అప్పుడు అక్క నిజంగానే కాళ్ళు చాపుకుని ఉంటుంది. బడి మెట్లు తోమి వచ్చి, పాదాలకు నూనె రాసుకుంటూ ఉంటుంది. "పెడుతున్నానత్తయ్యా" అంటుంది.

నేను వచ్చి ఏడాది. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాను కదా, అక్కకు పాప పుట్టింది కదా, చేదోడు వాదోడుగా ఉంటానని పంపించారు. బయలుదేరేటప్పుడు అమ్మ నా జుట్టు దువ్వుతూ, "బావకు ఎదురు చెప్పకు. నీకు నోరు లేదు, అదే నీకు శ్రీరామరక్ష" అంది. నాకు నిజంగానే మాట్లాడాలంటే భయం. అనవలసినవన్నీ డైరీలో రాసుకుంటాను. అక్కడ మాత్రం నేను పెద్ద గయ్యాళిని.

బడి వెనక గేటుకు ఎదురుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఉంది. ఒక సాయంత్రం చెత్త సంచులు పారేయడానికి వెళ్ళినప్పుడు, అక్కడ ఇస్త్రీ గదిని చూసుకునే పెద్దావిడ ఒంటరిగా దుప్పటి మడత పెట్టలేక అవస్థ పడుతోంది. నేనేమీ అనకుండా వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. కొసకు కొస కలిపి, లాగి, మళ్ళీ కలిపి మడత పెట్టాం. అలా బండెడు దుప్పట్లు అయ్యాయి. ఇలాంటి పనిలో మాటలు అక్కర్లేదు, అందుకే నాకు నచ్చింది. ఆవిడ నా చేతులను చూసి, "నా దగ్గర పనికి వస్తావా?" అంది. తలూపాను. "అయితే పన్ను ఆఫీసుకు వెళ్ళి నమోదు చేసుకుని నంబరు తెచ్చుకో. నీ పేరు మీదే. వచ్చే సోమవారం లోగా తేలేకపోతే ఇంకొకళ్ళను చూసుకుంటాను."

నీ పేరు మీదే. ఇంటికి వెళ్తూ ఆ మాటను నోట్లో పిప్పరమెంటులా అటూ ఇటూ తిప్పుకున్నాను.

బావకు చెప్పక తప్పదు. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉంటాయి, తాళం ఆయన జేబులో ఉంటుంది. నేను మూడుసార్లు గొంతు సవరించుకున్నాక, అక్కే కూర వడ్డిస్తూ చెప్పింది.

"ఏమండీ, దీనికి లాండ్రీలో పని ఇస్తామన్నారు."

"దీనికా?" బావ ముద్ద ఆపి నన్ను చూశాడు. "దీనికి ఊపిరి పీల్చుకోవడానికే మొహమాటం. అక్కడేం చేస్తుంది?"

"దుప్పట్లు మడత పెడుతుంది. నోటితో పని లేదుగా."

"సరే, నా పేరు మీద తీసుకుందాం."

"కుదరదట. మనిషిని చూసే తీసుకుంటారట. పన్ను ఆఫీసులో దీని పేరే నమోదు చేయించాలి."

"నమోదా?" బావ గొంతు లేచింది. "తెలివి ఉండే మాట్లాడుతున్నావా? ఇది సంపాదిస్తోందని వాళ్ళకు తెలిస్తే నా మీద ఆధారపడి ఉందని ఎలా చూపిస్తాను? పైగా ఏడాది నుంచి ఏం చేస్తున్నావమ్మా అని అడుగుతారు. అప్పుడేం చెబుతుంది?"

"ఉన్నదే చెబుతుంది" అంది అక్క, గిన్నెలోకి చూస్తూ.

"ఏమిటే ఉన్నది?"

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"మీరిద్దరూ ఇంట్లో ఉన్నారు, తిన్నారు, పాపను చూసుకున్నారు. అదీ ఉన్నది" అని బావ చెయ్యి కడుక్కున్నాడు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. మూడో రోజు బావ తనలో తాను లెక్కలు వేసుకున్నట్టున్నాడు. లాండ్రీ జీతం పన్ను తగ్గింపు కంటే ఎక్కువని తేలినట్టుంది. బీరువా తెరిచి నా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పడేశాడు. "పో. మరదలివి కాబట్టి పంపిస్తున్నాను, ఇంకొకడైతే పంపడు. జీతం నా ఖాతాలోకి రావాలి. ఆఫీసులో ఇంతకుముందు పని చేశావా అని అడుగుతారు. లేదు అనాలి. ఒక్క మాట. నీకెలాగూ రెండో మాట రాదు."

అంతటితో ఊరుకోలేదు, నాకు తర్ఫీదు కూడా ఇచ్చాడు. సోఫాలో ఆఫీసరులా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఎదురుగా నిలబెట్టాడు.

"ఇంతకుముందు ఈ దేశంలో పని చేశారా?"

"లేదు."

"వినపడలేదు. గట్టిగా."

"లేదు."

"మొహం అలా పెట్టకు, దొంగలా ఉన్నావు. మళ్ళీ."

"లేదు."

"శభాష్ రా మూగమొద్దూ!"

రెండేళ్ళ పాపకు ఈ ఆట నచ్చింది. "లేదు లేదు లేదు" అని చప్పట్లు కొడుతూ ఇల్లంతా తిరిగింది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క వంటింట్లో కుళాయి పెద్దగా తిప్పింది.

మర్నాడు బావ వ్యానెక్కి వెళ్ళిపోయాక, పాపను ఎత్తుకుని అక్క నాతో వచ్చింది. పన్ను ఆఫీసు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. అందరి చేతుల్లో టోకెన్లు, అందరి ఒళ్ళో కాగితాల సంచులు. అక్క కూర్చోగానే నేలకేసి చూసి, "మూలలు వదిలేశారు, చూడు. పొడి తుడుపు తుడిచారంతే" అంది. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"గొడవలొద్దే. లేదు అని చెప్పేయ్, మన పని మనకు అయిపోతుంది. బడి పని పోతే అద్దె ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన కోపం నీకు తెలియంది కాదు. నీకంటూ ఒక పని దొరికింది, అది దక్కించుకో. నా గురించి ఆలోచించకు."

"నువ్వెప్పుడైనా నీ గురించి ఆలోచించావా?" అని అడగాలనిపించింది. అడగలేదు. ఊళ్ళో మా బడిలో హాజరు పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ టీచర్" అనేదాన్ని, కానీ ఆ మాట నా పెదాలు దాటి వెళ్ళేది కాదు. మొదటి బెంచీలో కూర్చుని ఉండగానే నాకు ఆబ్సెంట్ పడేది. ఒక ఏడాది హాజరు చాలక పరీక్ష రాయనివ్వం అన్నారు. నాన్న వచ్చి బతిమాలాల్సి వచ్చింది. టీచరు నన్ను చూసి, "ఈ పిల్ల మా బడిలోనే ఉందా?" అంది.

మా టోకెన్ వచ్చింది. కౌంటరు దగ్గర ఒకటే కుర్చీ. అక్క పాపతో నా వెనక నిలబడింది. లోపల కూర్చున్న ఆఫీసరమ్మకు బాగా జలుబు చేసినట్టుంది, పక్కనే రుమాళ్ళ డబ్బా పెట్టుకుంది. నా పేరు, పుట్టిన తేదీ, ఉంటున్న ఇల్లు, వచ్చిన రోజు అడిగింది. కుళాయి చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఎన్నో రోజులు సాధన చేసిన ఆ దేశపు భాషలో అన్నిటికీ జవాబులు చెప్పాను. జీతం ఏ ఖాతాలోకి అని అడిగితే, నా పేరున తెరుస్తాను, ఇంకా తెరవలేదు అన్నాను. తెరిచాక చెప్పమని ఆఫీసరమ్మ ముక్కు తుడుచుకుంది. తలెత్తకుండానే తర్వాతి ప్రశ్న అడిగింది.

"ఈ దేశానికి వచ్చాక ఇంతకుముందు ఎక్కడైనా పని చేశారా?"

లేదు. నాలుక మీద సిద్ధంగా ఉంది. అది అనేస్తే ఈ ఏడాదిలో నేను బల్లల కింద గీకి తీసిన బబుల్‌గమ్ములు లేవు. సుద్దపొడికి పగిలిన నా వేళ్ళు లేవు. ఒక చక్రం ఊడి కుంటుతూ నడిచే నీళ్ళ బకెట్టు లేదు. పిల్లలు మరిచిపోయిన కోట్ల మీద పాపను పడుకోబెట్టి, ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని గదికొకసారి వచ్చి నుదురు ముట్టి చూసుకున్న సాయంత్రాలు లేవు. నావి పోతే పోనీ, అవి ఏడాదివే. అక్క నిండు నెలల్లో ఆ మెట్లు తోమింది. నొప్పులు మొదలైతే కర్ర పట్టుకుని నిలబడి, తగ్గాక మిగిలిన మెట్లు పూర్తి చేసి, గుడ్డ పిండి ఆరేసి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళింది. పని రెండు వారాలు ఆగిపోతుంది కాబట్టి బావ కంపెనీకి నడుంనొప్పి అని సెలవు పెట్టాడు. కంపెనీవాళ్ళు ఆయనకు త్వరగా కోలుకోవాలని పూలు పంపించారు. ఆ పూలను అక్క పాల సీసాల పక్కన పెట్టుకుంది. మా అక్క పురుడు ఈ దేశంలో మా బావ నడుంనొప్పిగా నమోదైంది. ఇప్పుడు నేను కూడా వచ్చి, బావ ఎదుట లేకపోయినా, నా నోటితో నేనే లేదు అనాలి. ఇన్నాళ్ళూ నాకు నోరు లేదన్నారు. ఉన్న ఒక్క మాటా దీనికేనా?

"చేశాను" అన్నాను.

అక్క వెనక నుంచి నా భుజం గిల్లింది. "ఏమంటున్నావే!" అంది తెలుగులో.

"ఎక్కడ?" ఆఫీసరమ్మ తలెత్తింది.

బడి పేరు చెప్పాను.

"జీతం?"

"లేదు."

"పని ఎవరి పేరు మీద ఉంది?"

"మా అక్క భర్త పేరు మీద."

ఆవిడ టైపు చేయడం ఆపింది. చదివి వినిపిస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "చూడమ్మా. ఇలా ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేస్తే, పేరున్న మనిషిని మేం పిలిచి అడుగుతాం. పని చేసినవాళ్ళ మీద ఏ చర్యా ఉండదు. నీ నంబరూ ఆగదు. కానీ ఇక్కడ చెప్పింది చెప్పినట్టే నమోదవుతుంది. తర్వాత కాదంటే కుదరదు. అర్థమైందా?"

"అర్థమైంది."

"అంత పెద్ద బడిని నువ్వొక్కదానివే శుభ్రం చేశావా?"

వెనక్కి తిరిగి చూశాను. అక్క ముఖం పాలిపోయింది. పాప అక్క గొలుసు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. సాయంత్రం బావ వస్తాడు. తలుపు వేసుకుంటాడు. నేను రేపు లాండ్రీకి పోతాను, ఎక్కడో ఒక మంచం చూసుకుంటాను, ఎలాగో బతుకుతాను. అక్క ఆ ఇంట్లోనే ఉండాలి. నా సంగతి చెప్పుకోవడం నా ఇష్టం. దాని బతుకు గురించి మాట్లాడడానికి నేనెవరిని? బావ మీద నా ఏడాది వరకే చెబుతాను, అక్కను ఇందులోకి లాగను అనుకున్నాను.

"ఒక్కదాన్నే" అన్నాను, ఈసారి గట్టిగా.

ఆ వెంటనే పాప వచ్చి నా ఒళ్ళో పడింది. అక్క పక్క కౌంటరు ముందున్న ఖాళీ కుర్చీని నేల మీద కర్రుమనిపిస్తూ లాక్కొచ్చి, నా పక్కన వేసుకుని కూర్చుంది. హాల్లో అందరూ మావైపు చూశారు. అక్క నన్ను ఒక చూపు చూసింది, బావను కూడా ఎప్పుడూ అలా చూడలేదు. తర్వాత అద్దంలో ఉన్న కన్నం దగ్గరికి వంగి, పిల్లల చిత్తుకాగితాలు ఊడుస్తూ చదువుతూ నేర్చుకున్న ఆ దేశపు భాషలో, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"ఇది అబద్ధం చెబుతోంది. ఇది వచ్చి ఏడాదే. ఆ బడిని ఆరేళ్ళ నుంచి శుభ్రం చేస్తున్నది నేను. ముందు నన్ను రాసుకోండి."